ఊరు దాటిన పెట్టె

ఆగరా ఆగు. ఆ అట్టపెట్టె మంటలో పడిందంటే నీ చెవి మెలేస్తాను. భోగికి పాతవి వెయ్యమన్నారు గానీ కంటికి పాతగా కనపడ్డదల్లా వెయ్యమన్నారా? పిడకలెయ్యి, విరిగిన కుర్చీకాలుంది చూడు, అదెయ్యి. క్యాసెట్లు కాలిస్తే కంపే గానీ పుణ్యం రాదు. ఇలా పట్రా. అమ్మలూ, నువ్వు దుప్పటి కప్పుకుని ఇటు జరుగు, పొగ అటు తిరిగింది.

ఇదిగో, దీని మీద ముక్కు పొడుగాయన ఉన్నాడే, నోట్లో పైపు, ఈయన పేరు బాసిల్ రాత్‌బోన్. షెర్లాక్ హోమ్స్ వేషం. మీ నానమ్మ తమ్ముడు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. “బావా, నీకు డిటెక్టివ్ పిచ్చి కదా” అన్నాడు. ఉన్నమాటే. అరవైల్లో నేను బెజవాడలో సినిమా హాలు ఆపరేటరుకి అసిస్టెంటుగా చేరినప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ పుస్తకాలు అద్దెకు తెచ్చుకుని, ఒక రీలు ఎక్కించాక రెండో రీలు ఎక్కించేలోపు చదివేవాణ్ణి. హంతకుడెవరో తేలే పేజీలో ఉండగానే రీలు అయిపోయేది. తెర మీద తెలుపు పడేది, కింద నుంచి ఈలలు, మా హెడ్ ఆపరేటరు చేతి మొట్టికాయ.

సరే, ఆ క్యాసెట్టు ఇంటికొచ్చిన రోజున అద్దె వీసీఆర్ తెచ్చి అందరం కూర్చున్నాం. ఏం కనపడింది? ఏమీ కనపడలేదు. పగలు తీసిన సీన్లలో మొహాలు తెల్లగా సున్నం కొట్టేశాయి, రాత్రి సీన్లలో మనుషులే లేరు, గొంతులు మాత్రం వినపడుతున్నాయి. వాన కురిసినట్టు గీతలు. హోమ్స్ చేతిలో ఒక కాగితం ఉంటుంది, దాని మీద చిన్న చిన్న మనుషుల బొమ్మలు, ఒకటి చెయ్యెత్తి, ఒకటి కాలెత్తి. అది రహస్య లిపి. కథంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. మాకు మటుకు కాగితం మీద మరకలు కనపడ్డాయి. మీ నానమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

ఎందుకలా ఉందో నాకు ఆ రోజే తెలుసు. ప్రింటు పనిలో ఉన్నవాడికి అర్థమవుతుంది. అసలు నెగటివ్ నుంచి ఒక పాజిటివ్, దాన్నుంచి ఇంకో నెగటివ్, దాన్నుంచి టీవీ వాళ్ళ కోసం 16 ఎమ్మెమ్ ప్రింటు, అది మిషన్లో అరిగి అరిగి గీతలు పడ్డాక దాన్నుంచి టేపు, ఆ టేపు నుంచి ఇంకో టేపు. ప్రతి మెట్టులోనూ కాస్త నలుపు ముదురుతుంది, కాస్త తెలుపు పేలుతుంది. ఆ మెట్లన్నీ దిగాక మనింటికొచ్చింది.

దానికి ఇంకో కారణం ఉంది, అది హక్కుల కాగితాలకి సంబంధించింది. అప్పట్లో అమెరికా చట్టం ప్రకారం సినిమా మీద హక్కు 28 ఏళ్ళే. గడువు తీరేలోపు మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే ఇంకొన్నాళ్ళు. రాత్‌బోన్ సినిమాల్లో నాలుగింటికి ఎవరూ పెట్టుకోలేదు. ‘సీక్రెట్ వెపన్’, ‘ఉమన్ ఇన్ గ్రీన్’, ‘టెర్రర్ బై నైట్’, ‘డ్రెస్డ్ టు కిల్’. ఇక అవి ఊరుమ్మడి సొత్తయిపోయాయి. ఎవడికి ఏ ప్రింటు దొరికితే అది టేపు మీదకెక్కించి అమ్మేవాడు. అందుకే హోమ్స్ సినిమాలన్నిట్లోకీ ఇళ్ళలో ఎక్కువగా కనపడేవి ఆ నాలుగే, ఎక్కువ పాడైపోయి కనపడేవీ ఆ నాలుగే. ఉమ్మడి చెరువుకి పూడిక తీసేవాడు ఉండడు కదా.

రాత్‌బోన్ హోమ్స్‌గా, నైజెల్ బ్రూస్ వాట్సన్‌గా మొత్తం 14 సినిమాలు తీశారు. మొదటి రెండూ 1939లో ఫాక్స్ కంపెనీ తీసింది, గుర్రబ్బళ్ళూ గ్యాస్ దీపాల కాలం కథలే. ఆ తర్వాత 1942 నుంచి 1946 దాకా యూనివర్సల్ వాళ్ళు 12 తీశారు. చవగ్గా తీశారు, ఒక్కోటి గంటా పది నిమిషాలు ఉంటుందేమో. హోమ్స్‌ని తెచ్చి రెండో ప్రపంచ యుద్ధంలో పడేశారు, నాజీ గూఢచారుల్ని పట్టుకుంటాడు. పన్నెండులో పదకొండిటికి డైరెక్టరు రాయ్ విలియం నీల్ ఒక్కడే. తక్కువ డబ్బు కాబట్టి పొగమంచు ఎక్కువ! సెట్టు సగమే ఉన్నా మంచులో తెలీదు. నన్నడిగితే నీల్ పనితనమంతా ఆ నీడల్లోనే ఉంది. నీడలు పోయిన ప్రింటులో ఆయన సినిమా చూశానని చెప్పుకోవడం కూడా తప్పే.

మొదటి సినిమా, ఆ వేటకుక్క కథ, దాని చివర్లో హోమ్స్ వాట్సన్‌ని సూది తెమ్మంటాడు. జ్వరం సూది కాదులే అమ్మలూ, నీకు పెద్దయ్యాక చెప్తాను. తర్వాత వేసిన ప్రింట్లలో ఆ ముక్క కోసేశారు, చాలా ఏళ్ళకి మళ్ళీ అతికించారు. యూనివర్సల్ సినిమాలకైతే ఇంకా అన్యాయం, టీవీ హక్కులు చేతులు మారినప్పుడల్లా మొదట్లో వచ్చే కంపెనీ బొమ్మ పీకేసి తమ పేరు తగిలించుకునేవాళ్ళు. మన దగ్గరా చూడలేదా, సెకండ్ రిలీజుకి కొన్నవాడు ముందు వాళ్ళ ఇలవేల్పు బొమ్మ వేసుకునేవాడు.

ఈ పన్నెండింటినీ బాగుచేసింది లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ వాళ్ళ ఫిల్మ్ ఆర్కైవ్. అక్కడ రాబర్ట్ గిట్ అని ఒకాయన, పాత ఫిల్ములకి వైద్యుడు. డబ్బిచ్చినాయన పేరు హ్యూ హెఫ్నర్. ఆయన ఏం వ్యాపారం చేసేవాడో మీ నాన్ననడక్కండి, ఒక పత్రిక నడిపేవాడు, పిల్లలు చదివేది కాదు. కానీ ఆయనకి హోమ్స్ అంటే ప్రాణం. నవ్వకురా పెద్దోడా, పుణ్యం ఏ జేబులోంచి వచ్చినా పుణ్యమే.

వాళ్ళు చేసిన పని ఏంటో చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ముందు వెతుకులాట. ఒక్కో సినిమా ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో చూడాలి. అసలు నెగటివ్ మిగిలిందా? లేకపోతే దాన్నుంచి తీసిన ఫైన్ గ్రెయిన్ మాస్టరుందా? అదీ లేకపోతే డూప్ నెగటివ్? ఒక రీలు ఒకచోట బాగుంటుంది, ఇంకో రీలు ఇంకోచోట. మూడో రీల్లో ఒక షాటు ముక్కలైపోయి ఉంటే ఆ ఒక్క షాటు కోసం మరో ప్రింటు వెతకాలి. పాత ఫిల్ము కుంచించుకుపోతుంది కూడాను. అంచున ఉండే చిల్లులు పళ్ళచక్రానికి సరిపడవు. మామూలు మిషన్లో పెట్టి లాగితే పటపటా తెగుతుంది.

ఇక గీతలు. నా ఉద్యోగంలో సగం తిట్లు గీతల వల్లే తిన్నాను కాబట్టి ఇది వినండి. ఫిల్ముకి రెండు వైపులు. ఒకవైపు బొమ్మ ఉండే మందు పూత, రెండోవైపు ఉత్త ప్లాస్టిక్. ఎక్కువ గీతలు ప్లాస్టిక్ వైపే పడతాయి. గీత పడ్డచోట వెలుతురు వంకరపోతుంది, అందుకే తెర మీద నల్లగా కనపడుతుంది. ల్యాబులో ఏం చేస్తారంటే, కాపీ తీసేటప్పుడు ఫిల్మును ఒక ద్రవంలో ముంచి పట్టుకుంటారు. డ్రైక్లీనింగు వాళ్ళు బట్టలకి వాడతారే, అదే మందు. అది గీతలోకి దూరి నిండిపోతుంది, వెలుతురు తిన్నగా పోతుంది, కొత్త కాపీలో గీత ఉండదు. దాన్ని వెట్ గేట్ అంటారు. మందు పూత మీదే గోకుడు పడితే మటుకు ఆ ద్రవం కూడా ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు కంప్యూటరుతో చేస్తున్నారు, ఒక్కో ఫ్రేము తీసి మచ్చ చెరపడం. సెకనుకి 24 ఫ్రేములు. డెబ్బై నిమిషాల సినిమా అంటే ఎన్నో లెక్కెయ్యి పెద్దోడా, ఫోను తియ్యకుండా. లక్ష దాటుతుంది.

2003లో ఎంపీఐ అనే కంపెనీ వాటిని డీవీడీలుగా వేసింది. 2011లో ఫాక్స్‌వి రెండూ కూడా కలిపి 14నీ బ్లూరే పెట్టెగా తెచ్చింది. మీ బాబాయి ఆ పెట్టె పంపాడు నాకు. ‘సీక్రెట్ వెపన్’ పెట్టి ఆ కాగితం సీను దాకా వెళ్ళాను. అందులో అసలు కాగితం శత్రువులు కాజేస్తారు, కింద ఉన్న కాగితం మీద రాత ఒత్తిడికి పడ్డ గుర్తుల్ని హోమ్స్ రసాయనం పూసి, ప్రత్యేకమైన వెలుతురు పడేసి బయటికి రప్పిస్తాడు. ఒక్కో బొమ్మా చెయ్యీ కాలూ విడివిడిగా కనపడింది. నేను ఆపి, ఒక చీటీ మీద గీసుకుని, వాళ్ళు విప్పకముందే విప్పుదామని కూర్చున్నాను. మీ నానమ్మ ఉంటే మళ్ళీ లేచి వెళ్ళిపోయేది, ఈసారి నా పిచ్చి చూడలేక.

ఏంటి, ఆ పాత ఫిల్ములు అసలెందుకు పోయాయా? రెండు కారణాలు. ఒకటి నిప్పు. 1950 చుట్టుపక్కల దాకా సినిమాలన్నీ నైట్రేట్ ఫిల్ము మీదే. తుపాకీ మందుకి తోబుట్టువు అది. అంటుకుంటే దానికి బయటి గాలి అక్కర్లేదు, తన ప్రాణవాయువు తనే తయారుచేసుకుంటుంది, నీళ్ళలో ముంచినా కాలుతుంది. మా హెడ్ ఆపరేటరు ఆ రోజుల్లో పనిచేసినాయన. బూత్ కన్నాలకి ఇనప తలుపులుండేవి, వేడికి కరిగే ముక్కతో పైకి కట్టి ఉంచేవాళ్ళు, అంటుకుంటే వాటంతటవే దభీమని పడాలి. జనం బతకాలని. లోపలున్న ఆపరేటరు సంగతి ఆ తలుపులు చేసినవాడు ఆలోచించాడో లేదో! మా కాలానికి ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అని అచ్చు వేసి వచ్చేది, అయినా ఆయన బూత్‌లో బీడీ ముట్టించినవాణ్ణి మెడబట్టి గెంటేవాడు. 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ వాళ్ళ గిడ్డంగి ఎండవేడికి తనంతట తానే అంటుకుంది. వాళ్ళ మూకీ సినిమాలు చాలామటుకు ఆ ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి.

రెండోది మనిషి. ఆడటం అయిపోయిన ప్రింటు కంపెనీ వాడికి దండగ ఖర్చు. గోడౌను అద్దె. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది, తూకానికి అమ్మితే కరిగించి తీసుకుంటారు. మన గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల వెనక ఆ బేరాలు నేనూ చూశాను. 1921లో వచ్చిన మన ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు, 1931 ‘కాళిదాసు’ లేదు. స్టిల్సు చూసి సంతోషించడమే.

కానీ నేను కనిపెట్టిన సంగతొకటుంది. ప్రింటు పెట్టె ఎంత దూరం పోతే అంత బతుకుతుంది. సొంతదారు గిడ్డంగిలో భద్రంగా ఉన్నది కాలిపోతుంది. ఎక్కడికో పంపి, తిరుగు ఖర్చులు దండగని వదిలేసింది దొరుకుతుంది.

విలియం జిల్లెట్ అని ఒక నటుడు. రాత్‌బోన్‌కి తాత వరస. 1899 నుంచి హోమ్స్ నాటకం వేశాడు, వెయ్యి ఆటలు దాటాయి. హోమ్స్ నోట్లో వంకర పైపు పెట్టింది ఆయనే. 1916లో షికాగోలోని ఎస్సనే కంపెనీ ఆ నాటకాన్ని సినిమా తీసింది. అరవై దాటిన మనిషి, హోమ్స్‌గా ఆయన్ని పట్టిన ఫిల్ము అదొక్కటే. అదీ పోయింది. దాదాపు వందేళ్ళు ఎవరికీ దొరకలేదు. 2014లో ఎక్కడ బయటపడిందంటే పారిస్‌లో, సినిమాటెక్ ఫ్రాన్సేజ్ గిడ్డంగిలో. మొదటి యుద్ధం అయ్యాక ఫ్రాన్స్‌లో నాలుగు భాగాల సీరియల్‌గా వెయ్యడానికి పంపిన నైట్రేట్ నెగటివ్ అది. షికాగోలో ఉన్నవి పోయాయి, సముద్రం దాటింది మిగిలింది. దాని మీద ఏ సీనుకి ఏ రంగు అద్దాలో గుర్తులు కూడా రాసి ఉన్నాయి, ఆ ప్రకారమే మళ్ళీ రంగులద్దారు. శాన్‌ఫ్రాన్సిస్కో మూకీ సినిమా పండగవాళ్ళూ, పారిస్ వాళ్ళూ కలిసి బాగుచేశారు. 2015లో ఫ్లికర్ ఆలీ వాళ్ళు డిస్కు వేశారు. ఇంట్లో కూర్చుని చూశాను నేను. ముసలాయన చెయ్యి కదపడు, కన్నార్పడు, అయినా కళ్ళు ఆయన మీంచి పోవు. మన రంగస్థలం పెద్దల్లో అలాంటివాళ్ళని చూశాను.

ఇంకోటి విను. 1929లో జర్మనీలో వేటకుక్క కథే మూకీగా తీశారు, డైరెక్టరు రిఖార్డ్ ఓస్వాల్డ్. మూకీ హోమ్స్‌లలో చివరిది. అది 2009లో పోలండ్‌లో సోస్నోవియెత్స్ అనే ఊళ్ళో ఒక చర్చి ఫాదరు గారింటి నేలమాళిగలో దొరికింది! ఫాదరు గారికి హోమ్స్‌తో ఏం పనో నన్నడక్కండి. అందులోనూ కొన్ని రీళ్ళు లేవు. ఆ లోటు కొంత దేంతో పూడ్చారో తెలుసా? 9.5 ఎమ్మెమ్ కాపీతో. 1922లో పాతే కంపెనీ ఇళ్ళలో సినిమా చూసుకోడానికి ఒక చిన్న మిషను తెచ్చింది. ఫిల్ము సన్నగా ఉంటుంది, చిల్లు అంచున కాకుండా రెండు ఫ్రేముల మధ్యలో. కలిగినవాళ్ళు పిల్లల కోసం కొనుక్కునేవాళ్ళు. ఆ ఆటబొమ్మ లాంటిది పెద్ద సినిమా పరువు కాపాడింది. మీరు నన్ను రోజూ సతాయిస్తారే, ఫోన్లో అన్నీ వస్తుంటే డిస్కులెందుకు తాతయ్యా, అలమారంతా నింపేశావు అని. ఫోన్లో వచ్చేది నీ దగ్గర లేదురా. వాడి దగ్గరుంది. వాడికి గిట్టుబాటు కానినాడు తీసేస్తాడు, నీకు చెప్పి తియ్యడు.

చార్లీ చాన్ అని ఇంకో డిటెక్టివ్. చైనా మనిషి పాత్ర, వేసింది వార్నర్ ఓలాండ్ అనే స్వీడన్ వాడు. ఫాక్స్ తీసిన వాటిలో నాలుగు ఇప్పటికీ దొరకలేదు. ఓలాండ్ మొదటిసారి ఆ వేషం కట్టిన 1931 సినిమా కూడా అందులోదే. అయితే డబ్బింగు ఇంకా కుదరని రోజులు కదా, స్పానిష్ వాళ్ళ కోసం అదే కథని స్పానిష్ నటులతో మళ్ళీ తీశారు, ‘ఎరాన్ త్రేసే’ అని. అసలుది పోయి అది మిగిలింది. 2006లో ఫాక్స్ వేసిన చార్లీ చాన్ డీవీడీల మొదటి పెట్టెలో దాన్నీ పెట్టారు. అంతకుముందు 2003లో వాళ్ళ సొంత చానెల్లో ఈ సినిమాలు వెయ్యబోతే ఆసియా వాళ్ళు అభ్యంతరం చెప్పారు, ఆపేశారు. కోపం న్యాయమైందే. కళ్ళు సాగదీసి, మాటలు ముక్కలు చేసి మాట్లాడిస్తే మనకి మాత్రం కడుపు మండదా? కానీ దాచేస్తే ఆ తప్పు ఎలా ఉండేదో చూపించేదెలా? డిస్కుగా వెయ్యడమే మంచిదైంది, చూడదల్చుకున్నవాడు తెలిసి చూస్తాడు.

బాగుచెయ్యడంలో అతి కూడా ఉందిలే. కొందరు కంపెనీ వాళ్ళు ఫిల్ము మీద ఉండే సన్న రవ్వని, గ్రెయిన్ అంటాం, దాన్ని కూడా మురికి అనుకుని కడిగేస్తారు. అప్పుడు హీరోకి గడ్డం గరుకు ఉండదు, కోటుకి నేత ఉండదు. బొమ్మ ఆ రవ్వతోనే తయారైందిరా, దాన్ని తీసేస్తే ఇంకేం మిగులుతుంది? ఎనభైల్లో కొన్ని హోమ్స్ సినిమాలకి రంగులు కూడా పూశారు. హోమ్స్ గదికి ఏ రంగు సున్నం వేశారో పూసినవాడికేం తెలుసు!

చివరగా ఒకటి చెప్తాను, తర్వాత స్నానాలకి లేవండి, మీ అమ్మ కుంకుడుకాయలు నానేసింది. ‘ది బిగ్ స్లీప్’ అని హంఫ్రీ బోగార్ట్ సినిమా. రేమండ్ చాండ్లర్ నవల, హోవర్డ్ హాక్స్ డైరెక్షను. 1945 మొదట్లోకే తీయడం అయిపోయింది. కానీ యుద్ధం ముగుస్తోంది, వార్నర్ వాళ్ళ దగ్గర యుద్ధం సినిమాలు మిగిలిపోయాయి, ముందు అవి వదలాలి. దీన్ని ఆపి, విదేశాల్లో ఉన్న సైనికులకి మాత్రం చూపించారు. ఈలోగా హీరోయిన్ లారెన్ బకాల్ ఇంకో సినిమాలో తేలిపోయింది, పత్రికలు ఉతికేశాయి. ఆమె ఏజెంటు జాక్ వార్నర్‌కి ఉత్తరం రాశాడు, బోగార్ట్‌తో ఆమెకి చురుకైన సీన్లు ఇంకొన్ని పెట్టండి అని. 1946 జనవరిలో మళ్ళీ తీశారు. వాటికి చోటు కావాలి కదా, కథ ఎక్కడ ఏం జరిగిందో పోలీసు పెద్దల దగ్గర కూర్చుని విడమర్చి చెప్పే సీను పీకేశారు. ఆ ఏడాది ఆగస్టులో విడుదలైంది, బ్రహ్మాండంగా ఆడింది, కథ మటుకు ఎవరికీ అర్థం కాలేదు.

సైనికులకి చూపించిన ఆ మొదటి రూపం ఏళ్ళ తర్వాత దొరికింది.  దాన్ని చక్కదిద్దింది కూడా యూసీఎల్‌ఏలో మన రాబర్ట్ గిట్టే. 1997లో హాళ్ళలో వేశారు, తర్వాత డీవీడీలో రెండు రూపాలూ పక్కపక్కన పెట్టారు. నా మాట విని ముందు 1946ది చూడండి. 1945లోది తిన్నగా ఉంటుంది, అన్నీ తెలుస్తాయి, కానీ వాళ్ళిద్దరూ గుర్రప్పందాల మాటలు చెప్పుకుంటూ సరసాలాడే సీను అందులో లేదు. అది లేకపోతే ఆ సినిమా ఎందుకు?

ఆ, వస్తున్నాం అమ్మా, వచ్చేస్తున్నాం! ఏంట్రా? అందులో నీళ్ళలో పడి చచ్చిపోయే డ్రైవర్ని ఎవరు చంపారా? షూటింగ్‌లో వాళ్ళకీ అదే అనుమానం వచ్చి చాండ్లర్‌కి టెలిగ్రాం కొట్టారు. ఆయన తనకీ తెలీదన్నాడు. రాసినాయనకే తెలీనిది బెజవాడ ఆపరేటరు చెప్తాడేంట్రా, లే, నీళ్ళు చల్లారిపోతున్నాయి.